పైపులో వచ్చిన రక్తం

మా ఆస్పత్రి ల్యాబులో అధికారికంగా నార్మల్ మనిషిని నేనే. ఈ మాట ఇంట్లో చెబితే ఎవరూ నమ్మరు. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన మహానుభావులెవరో ఒకసారి చూడాలని ఉందంటారు మా ఆయన. ముక్కు మీద కోపం పెట్టుకుని తిరిగే మనిషి నార్మల్ ఎలా అవుతుందని మా ఆడపడుచు వాదన. నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి, నేను ఉన్నమాటే చెబుతున్నాను. రక్తంలో ప్లేట్‌లెట్లు తమ పని తాము చేస్తున్నాయో లేదో చూసే పరీక్ష ఒకటుంది. దానికి రోగి రక్తం పక్కనే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కూడా పెట్టి, రెండూ పోల్చి చూడాలి. మా ల్యాబులో ఆ ఆరోగ్యవంతురాలిని నేను. తలనొప్పి వస్తే ఎవరినో ఒకరిని తిట్టి తగ్గించుకుంటాను తప్ప మాత్ర మింగను. పైగా నా నరం సూదికి ఇట్టే దొరుకుతుంది. అందుకని ఆ పరీక్ష వచ్చినప్పుడల్లా మిషను పక్కనున్న కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతాను. మా ల్యాబు డాక్టరమ్మ, అందరం మేడమ్ అని పిలిచే ఆవిడ, స్వయంగా రక్తం తీస్తారు.

పరీక్ష మాత్రం చూడ్డానికి భలే ఉంటుంది. రక్తాన్ని మెల్లగా తిప్పితే ఎర్రదంతా అడుక్కి దిగి, పైన ప్లేట్‌లెట్లు తేలే ప్లాస్మా మిగులుతుంది. అది బియ్యం కడిగిన నీళ్లలా మసగ్గా ఉంటుంది. అందులో ఒక మందు చుక్క వేస్తాం. మంచి ప్లేట్‌లెట్లయితే దెబ్బ తగిలిందనుకుని ఒకదాన్నొకటి కావలించుకుని ముద్దలు కడతాయి. మసక విడిపోతుంది, మిషను పంపే వెలుతురు అవతలికి దూసుకుపోతుంది, తెర మీద గీత నిటారుగా పైకెక్కుతుంది. చేతకాని ప్లేట్‌లెట్లయితే మసక మసగ్గానే ఉంటుంది, గీత కాస్త తలెత్తి మళ్లీ పడుకుంటుంది. గీత పైకెక్కితే రక్తం గడ్డకట్టే దారిలో ఉన్నట్టు, పడుకుంటే ఆ మనిషిని కొయ్యడానికి సర్జన్లు జంకుతారు.

నా గీత ఏనాడూ పడుకోలేదు. పడుకున్నది మా ఆడపడుచు గీత.

మా ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. ఏ మిషనైనా శబ్దం విని రోగం చెప్పగలరు, తన ఒంట్లో రెండు కిడ్నీలూ మూలపడ్డ సంగతి మాత్రం కాళ్లు వాచేదాకా చెప్పలేకపోయారు. డయాలసిస్ మొదలైంది. ఆ మిషను మీద పడుకుని కూడా దాని మోటారు సరిగ్గా తిరగడం లేదని నర్సులకి చెబుతుంటారు. నవ్వుతూనే ఉంటారు గానీ, మనిషి సగమైపోయారు. డయాలసిస్ సూదులు పట్టే నరాలు చేతిలో ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయని, త్వరగా కిడ్నీ మార్చకపోతే కష్టమని డాక్టర్లు మొహం మీదే చెప్పేశారు. నాది వేరే గ్రూపు, పనికిరాదన్నారు. ఆయన చెల్లెలిది అన్నీ సరిపోయాయి. మా ఆడపడుచు సిటీ బస్సులో కండక్టరు. అడగ్గానే, అన్నయ్యకి ఒకటి ఇచ్చినా నాకింకోటి ఉంటుంది కదా, రెండూ నేనేం చేసుకుంటాను అంది. మా ఇద్దరికీ క్షణం పడదు. ఫాను వెయ్యడం దగ్గరా, తియ్యడం దగ్గరా కూడా పోట్లాడుకుంటాం. అయినా ఆ రోజు నుంచి దాన్ని తిట్టాలంటే నాకు నోరు రాలేదు. చాలా ఇబ్బందిగా ఉండేది.

అన్ని పరీక్షలూ అయిపోయి, ఆపరేషన్ రోజు కూడా ఖాయమయ్యాక, ఎప్పుడైనా రక్తం ఆగకుండా కారిందా అని సర్జన్ దాన్ని మామూలుగా అడిగారు. అడిగిందే తడవుగా ఇది పన్ను పీకించుకున్న కథ ఎత్తుకుంది. ఎన్ని దూది ఉండలు తడిసిపోయాయో, పళ్ల డాక్టరు ఎలా బెంబేలెత్తాడో అభినయించి మరీ చెప్పింది. సర్జన్ మొహం మారిపోయింది. వార్డులో చేర్చుకుని ప్లేట్‌లెట్ పరీక్ష రాశారు.

మా ల్యాబులో ఎవరి ఇంటివాళ్ల పరీక్షలు వాళ్లు చెయ్యకూడదు. అందుకని మేడమ్ చేశారు. నేను నార్మల్ మనిషిగా కుర్చీలో కూర్చుని రక్తం మాత్రం ఇచ్చాను. నా గీత ఎక్కింది, దాని గీత పడుకుంది. వార్డు నుంచి మళ్లీ రక్తం తెప్పించి మళ్లీ చేశారు. మళ్లీ పడుకుంది. మందు మార్చి చూశారు, మిషను కడిగి చూశారు. నాది ఎక్కుతూనే ఉంది, దానిది లేవలేదు.

పాతకాలపు పరీక్ష కూడా చేశారు. మోచేతి కింద చిన్న గాటు పెట్టి, ఊరే రక్తాన్ని అంచున కాగితంతో అద్దుతూ ఎప్పుడు ఆగుతుందో చూడ్డం. అది సవ్యంగానే ఆగింది. ఆ రిజల్టు కాగితం పట్టుకుని పరుగున సర్జన్ దగ్గరికెళ్లాను. ఆ పరీక్షని నమ్మి ఆపరేషన్ చెయ్యలేనన్నారు. గాటు కాస్త లోతైతే ఒకలా, పైపైన పడితే ఒకలా వస్తుంది కదా, మీకు తెలియనిదేముందన్నారు. తెలుసు. మా దగ్గరికి నేర్చుకోడానికి వచ్చే పిల్లలకి అదే మాట నేనే చెబుతుంటాను. ఆరోగ్యంగా నడిచొచ్చిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి ప్రాణం మీదికి తెచ్చే హక్కు తనకి లేదని కూడా సర్జన్ అన్నారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క తప్పు కూడా దొరకలేదు, నాకు మండిపోయింది అందుకే. ఆపరేషన్ రద్దయింది.

మా ఆయనకి చెప్పాను. పోనీలే, చెల్లి కడుపు కోయించి నేను బతకడమేమిటి, నాకు మొదటినుంచీ మనసొప్పలేదు అన్నారు. అబద్ధం. కొత్త కిడ్నీ వచ్చాక ఏయే మిషన్లు బాగుచెయ్యాలో పక్కింటాయనతో గంపెడాశతో చెబుతుంటే నేను విన్నాను. బాత్రూములోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

మర్నాడు పొద్దున మా ఆడపడుచుని వార్డు నుంచి పంపించేస్తున్నారని వెళ్లాను. సంచీ సర్దుకుని మంచం అంచున కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూడగానే ఒంటికాలి మీద లేచింది.

"నీ గీత ఎప్పుడూ పైకే, నా గీత ఎప్పుడూ కిందకే. ఆ మిషనుకి కూడా నువ్వంటే భయమేమో వదినా."

మిషనుకి భయాలుండవు, నీ రక్తంలోనే లోపం ఉంటే మిషనేం చేస్తుందని నేనూ అంటించాను. నోటి తీట. అనగానే నాలిక కరుచుకున్నాను. దాని మొహం వాడిపోయింది.

సరిగ్గా అప్పుడే నర్సు పక్క మంచం మనిషి రక్తం ట్యూబు తీసుకెళ్లి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గోడలోని పైపు తలుపు తీసి వేసింది. కొత్తగా పెట్టించిన ఏర్పాటిది. గాలి తోస్తుంది, పై అంతస్తుల్లో ఏ మూల నుంచైనా డబ్బా చిటికెలో ల్యాబులో వచ్చి పడుతుంది. అంతకుముందు వార్డు ఆయాలు ట్యూబులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి తెచ్చేవాళ్లు. పైపు బుస్సుమంది. డబ్బా గోడలో పడి, మా నెత్తి మీద మలుపుల దగ్గర ధడేల్ ధడేల్‌మని కొట్టుకుంటూ పోయింది. మా ఆడపడుచు తలెత్తి ఆ చప్పుడు పోయినంత దూరం చూసింది.

"నా రక్తాన్నీ ఇలాగే కదా పంపారు," అంది. "నువ్వేమో దర్జాగా మిషను పక్కన కూర్చుని ఇస్తావు. నాదేమో గోడలకి గుద్దుకుంటూ రావాలి. మా బస్సులో వెనక సీట్లో గతుకులన్నీ తిని దిగినవాణ్ణి దిగీ దిగగానే పరిగెత్తమంటే పరిగెత్తుతాడా? ముందు నడుం పట్టుకుంటాడు."

తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ప్లేట్‌లెట్ల సంగతి నాకు తెలియంది కాదు. అవి మహా ఉలికిపాటు సరుకు. కుదిపితే చాలు, ఎక్కడో గాయమైందని హడావుడి పడిపోయి తమ దగ్గరున్న సత్తువంతా దారిలోనే ఖర్చు పెట్టేస్తాయి. తీరా మందు చుక్క పడేసరికి లేవడానికి ఓపికుండదు. కుదపవద్దని మా ల్యాబు గోడ మీద పెద్దక్షరాలతో రాసుకున్నాం. కానీ ఆ గోడలోంచే పైపు వచ్చింది. మిగతా పరీక్షలన్నిటికీ దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు, పని జోరందుకుంది, అందరూ మెచ్చుకున్నారు. అన్నిటితోపాటే ఇదీ పైపెక్కింది. ఎవరూ ఎక్కించలేదు, ఎవరూ ఆపలేదు. ఈ పరీక్ష రావడమే అరుదు. పైపు వచ్చాక వచ్చిన ఆ కొద్దిమందీ ముక్కులోంచో చిగుళ్లలోంచో రక్తం ఆగక వచ్చినవాళ్లే, గీత పడుకుంటే ఎవరు ఆశ్చర్యపోతారు? అనుమానం వస్తే నా గీత చూసుకునేవాళ్లం. అది నిటారుగా ఉండేది. ఎందుకుండదు, నార్మల్ మనిషి రక్తం ఒక్కసారి కూడా ఆ పైపు ఎక్కితే కదా.

నేను ల్యాబు కోటు చెయ్యి మడిచి నర్సు ముందు కూర్చున్నాను. రెండు ట్యూబులు తియ్యమన్నాను. ఆవిడ నా వంక వింతగా చూసింది. మా ఆడపడుచుకి విషయం అర్థమైంది, సూది గుచ్చుతుంటే మంచం దిగొచ్చి మరీ చూసింది. ఒక ట్యూబు డబ్బాలో పెట్టి పైపులో వేయించాను. ఇన్నాళ్లకి నువ్వూ టికెట్ తీసుకున్నావు వదినా అంది. రెండోది అరచేతిలో పొదివి పట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు మెట్లు దిగాను. దారిలో ఎవరో పలకరిస్తే పక్కకి జరగమని కసిరాను.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. చేతిలో కాఫీ కప్పు కిందపెట్టి, రెండు ట్యూబులూ తీసుకుని మిషను దగ్గరికి నడిచారు. చేత్తో తెచ్చిన రక్తం గీత ఎప్పటిలాగే పైకెక్కింది. పైపులో వచ్చిన రక్తానికి మందు వేశారు. గీత కాస్త తలెత్తింది. గీత పడుకుంది.

నేను ఫెయిలయ్యాను. చదువుకునే రోజుల్లో ఫెయిలైతే అన్నం మానేసేదాన్ని. ఇప్పుడు ఎగిరి గంతేశాను. మేడమ్ నుదురు కొట్టుకున్నారు. పైపు వచ్చాక ఈ పరీక్ష చేసిన ప్రతి మనిషినీ మళ్లీ పిలిపించి మళ్లీ చెయ్యాలన్నారు, ఆ తప్పు తనదేనన్నారు, వెంటనే సర్జన్‌కి ఫోన్ చేశారు.

సర్జన్ వచ్చి రెండు గీతలూ చూశారు. చాలాసేపు చూశారు. మంచి ఆలోచనే గానీ, ఒక్క మనిషి రక్తంతో తేల్చేస్తే ఎలా అన్నారు. నాకు మళ్లీ అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు విప్పేలోపు మేడమ్ అందుకుని, అయితే మీదే ఇవ్వండి అన్నారు. సర్జన్ మారుమాట్లాడకుండా వార్డుకి వెళ్లి, చెయ్యి చాపి, తన రక్తం పైపులో వేయించుకుని వచ్చారు. అంత పెద్ద డాక్టరు మా మిషను ముందు చేతులు కట్టుకుని, రిజల్టు కోసం వచ్చిన కుర్రాడిలా నిలబడ్డారు. ఆయన గీతా పడుకుంది.

"ఈ లెక్కన మిమ్మల్ని కొయ్యడానికి వీల్లేదని రాయాలి డాక్టర్," అన్నారు మేడమ్.

ఆయన నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వు తగ్గాక, ఆ అమ్మాయిని ఇక్కడికి పిలిపించండి, ఈ కుర్చీలోనే రక్తం తియ్యండి, అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను అన్నారు.

మా ఆడపడుచు వచ్చి నా కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా ఊపు మీదున్న నాకు అప్పుడు భయం పట్టుకుంది. పైపు చెడ్డదని తేలినంత మాత్రాన దీని ప్లేట్‌లెట్లు మంచివని తేలినట్టు కాదు. పన్ను పీకినప్పుడు రక్తం కారింది నిజమే కదా. ఇప్పుడు కూడా గీత పడుకుంటే ఇక వెతకడానికి సాకు కూడా ఉండదు. మా ఆయన చేతిమీద మూసుకుపోయిన నరాలు కళ్లముందు కదిలాయి. మేడమ్ సూది గుచ్చారు. అది నా చెయ్యి పట్టుకుంది. బస్సులో వందమందిని అదలించే మనిషి చెయ్యి చల్లగా ఉంది.

"వదినా, మళ్లీ పడుకుంటే?"

"పడుకుంటే నేనే తన్ని లేపుతాను. నువ్వు కదలకు."

తేరిన ప్లాస్మాని కాసేపు కదపకుండా ఉంచాలి. ఆ కాసేపూ గడవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. సర్జన్ ఊరికే ఉండలేక, పన్ను పీకించుకున్న రోజు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకున్నావా అని దాన్ని అడిగారు. విశ్రాంతా, ఆ రోజు డ్యూటీకి మనిషి తక్కువైతే మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లానంది. సాయంత్రం దాకా టికెట్ టికెట్ అని అరిచానంది. నోట్లో దూది అడ్డమొస్తోందని తీసి పారేసి, మాటిమాటికీ పుక్కిలించి ఉమ్మేశానంది. సర్జన్ కళ్లు మూసుకుని, అలా పుక్కిలిస్తే కట్టిన గడ్డ ఊడిపోయి రక్తం కారక ఏం చేస్తుంది, మరి ఈ సంగతి నాతో ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు. మీరు రక్తం గురించే అడిగారు కదా, డ్యూటీ గురించి అడగలేదుగా అంది. నాకు దాన్ని కొట్టాలో ముద్దుపెట్టుకోవాలో అర్థం కాలేదు.

మేడమ్ మొదటి మందు వేశారు. తెర మీద గీత అడుగున సన్నగా పాకుతూ బయల్దేరింది. కాస్త తలెత్తింది. ఇంతకుముందు ప్రతిసారీ అది చతికిలబడింది అక్కడే. అక్కడికొచ్చి ఒక్క క్షణం తటపటాయించినట్టు అనిపించింది. తర్వాత లేచింది. లేచి, ఎక్కి, ఎక్కుతూనే పోయింది. నా గీత ఏనాడూ అంత ఎత్తుకి వెళ్లలేదు. రెండో మందు వేశారు, ఎక్కింది. మూడోది, నాలుగోది, ఏది వేసినా ఎక్కింది. మసక నీళ్లు మా కళ్లముందే తేటపడ్డాయి. మేడమ్ నా వీపు మీద చరిచారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు.

సర్జన్ ఆఖరి గీత ఆగేదాకా చూసి, రద్దు చేసిన ఆపరేషన్‌ని మళ్లీ పెట్టుకుందామన్నారు. మా ఆడపడుచు కుర్చీలోంచి లేచి, దూదితో మోచెయ్యి నొక్కుకుంటూ ఆయన వైపు తిరిగింది.

"రైట్ రైట్. ఇక పోనివ్వండి డాక్టర్."

ఆ సాయంత్రమే పైపు తలుపు మీద ప్లేట్‌లెట్ పరీక్ష రక్తం ఇందులో వెయ్యకూడదని బోర్డు వేలాడదీశాం. మేకు నేనే కొట్టాను. ఇంటికెళ్లి మా ఆయనకి జరిగిందంతా చెబితే, కిడ్నీ సంగతి వదిలేసి, ఆ పైపు మలుపుల దగ్గర రబ్బరు ఎందుకు వెయ్యలేదని అడిగారు. తర్వాత ఉన్నట్టుండి గోడవైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను, ఈసారి కుళాయి తిప్పుకోవాలనిపించలేదు.

ఆపరేషన్ రోజు నేను బయట బల్ల మీద కూర్చుని ఉంటే మొదట తలుపు తీసుకుని వచ్చింది సర్జనే. ముసుగు కిందికి లాగి, మీ ఆడపడుచుకి ఒక్క సీసా రక్తం కూడా ఎక్కించాల్సిన పని పడలేదన్నారు. కిడ్నీ అతికించి, రక్తనాళం మీది క్లిప్పు తియ్యగానే గులాబీరంగు తిరిగిందని, కుట్లు పూర్తి కాకముందే మూత్రం వచ్చిందని చెప్పారు. ఆ మాట అంత పెద్ద డాక్టరు నోట వింటుంటే, పుట్టినప్పటి నుంచీ నేను విన్న మాటలన్నిటిలోకీ తియ్యని మాట అదే అనిపించింది. ఆయనకి దణ్ణం పెట్టాను. తర్వాత అక్కడున్న నర్సుకి పెట్టాను. స్ట్రెచరు తోసుకుపోతున్న ఆయాకి కూడా పెట్టాను. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

నడవనిచ్చిన రోజున మా ఆడపడుచు కడుపు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ అన్న గదికి వచ్చింది. నేను దాని రెక్క పట్టుకున్నాను. మా ఆయన మంచానికి వేలాడుతున్న సంచిలోకి చుక్క చుక్కా పచ్చటి మూత్రం దిగుతోంది. ఇద్దరం దాని ముందు నిలబడిపోయాం. నర్సు వచ్చి నిండిన సంచి తీసుకెళ్లి ఖాళీ చేసి తెచ్చింది. అది మళ్లీ నిండడం మొదలుపెట్టింది. మా ఆడపడుచు కళ్లు ధారలు కట్టాయి, నావీ అంతే.

"మీరిద్దరూ ఇలా నా ఒంటేలు చూసి ఏడుస్తుంటే వచ్చేపోయేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారు మా ఆయన.

నేను దాన్ని గట్టిగా కావలించుకున్నాను. నా జన్మలో ఆ పని చెయ్యలేదు, అదీ ఎదురుచూడలేదు. "వదినా, కుట్లు," అని మూలిగింది.

పట్టు సడలించాను గానీ వదల్లేదు.